తొలిపోత మూకుడు

ఓడకి 402 రోజులు

ఉదయం జొన్నరొట్టె, సొరకాయ పచ్చడి. మధ్యాహ్నం అన్నం, గోంగూర పులుసు, దుంపల వేపుడు. తిన్నవాళ్ళు 118. తిననివాళ్ళు 3.

వంటింటి పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదని కమిటీ నియమం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ మెస్సులో గరిటె తిప్పుతున్నాను, ఆ నియమం పాటించిన పాపాన పోలేదు. ఎలాగూ దీన్ని చదివేవాళ్ళు లేరు. ఉంటే వాళ్ళకి వరహాలు నమస్కారాలు. చేతులు కడుక్కుని పేజీ తిప్పండి.

తినని ముగ్గురిలో ఒకడు మా ఆయన సన్యాసిరావు. నీటి గొట్టాల మేస్త్రీ. పొద్దున ఒక మర బిగిస్తుంటే కుడి మణికట్టు విరిగింది. జారి పడలేదు, మీద ఏదీ పడలేదు. మర బిగించాడు, విరిగింది, అంతే. పోయిన ఏడు దగ్గితే పక్కటెముక విరిగింది. అప్పుడు అందరం నవ్వాం. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

మా డాక్టరు నూకరత్నం కట్టు కట్టి, ఎముకలు కొలిచే యంత్రంలో పడుకోబెట్టింది. అంకె 66 వచ్చింది. పోయిన ఏడు 71.

ఈ అంకె అరవై కంటే తగ్గితే ఓడ ఎక్కాలి. రెండేళ్ళకోసారి వచ్చే ఓడ ఎముకలు పాడైనవాళ్ళని పైన ఆకాశంలో తిరిగే మజిలీకి తీసుకుపోతుంది. అక్కడ బరువు ఉండదు కాబట్టి విరగడాలూ ఉండవు. కానీ ఒకసారి తేలడానికి అలవాటు పడిన ఎముక మళ్ళీ ఈ కుజుడి మీదకి దిగే కుదుపుకి ఆగదు. పోయిన ఓడలో తొమ్మిదిమంది వెళ్ళారు, ఒక్కరూ తిరిగి రాలేదు. తెర మీద కనబడి బాగున్నామంటారు. గట్టి ఎముకలవాళ్ళకి అక్కడ చోటివ్వరు. నా అంకె 72. తోడుగా వస్తానన్నా ఎక్కించుకోరు.

ముప్ఫై మూడేళ్ళ కాపురం. నేను వాణ్ణి తెర మీద చూస్తూ బతకలేను. ఇది కమిటీవాళ్ళు చదివినా నాకు సిగ్గు లేదు.

ఓడకి 388 రోజులు

ఉదయం ఉప్మా. మధ్యాహ్నం అన్నం, పప్పు, నిన్నటి గోంగూర పులుసు. తిన్నవాళ్ళు 119.

మణికట్టు అతుక్కుంటోందట. మనిషి మాత్రం వాడిపోయాడు. నాలుగు మెట్లెక్కితే కూర్చుంటున్నాడు. రెండు చేతుల్లోనూ చూపుడువేలు, నడిమి వేలు మొదట్లో వాచాయి, గుప్పిట ముడవలేడు. రక్తం శాతం బాగానే ఉందని రత్నం అంది. నేను నమ్మలేదు. మా అమ్మ చేసినట్టే కింది కనురెప్ప లాగి చూశాను. నా కంటికి పాలిపోయి కనబడింది. నీరసం అంటే రక్తం లేకపోవడమేనని ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు.

దానికి మందు మా ఇంట్లోనే ఉంది, తొలిపోత మూకుడు.

మా పెద్దవాళ్ళు విశాఖ వైపు ఉక్కు కొలుముల్లో పనిచేసినవాళ్ళు. ఇక్కడికి వచ్చిన మూడో ఏట ఈ ఎర్రమట్టిలోంచి మొదటిసారి ఇనుము తీశారు. ఆ తొలిపోత ఇనుముతో ఏం చేయాలని సభ పెడితే ఒకాయన జెండా స్తంభం అన్నాడట, ఒకాయన శిలాఫలకం అన్నాడట. మా అమ్మ బంగారమ్మ లేచి, ముందు మూకుళ్ళు పోయండి, కూర వండుకుందాం అందట. అప్పటినుంచీ ఇక్కడ పెళ్ళంటే పుట్టింటివాళ్ళు మూకుడు పెడతారు. అన్నట్టు ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ కుజదోషమే కాబట్టి పెళ్ళిళ్ళకి జాతకాల గొడవ లేదు. మూకుడు ఉంటే ముహూర్తం ఉన్నట్టే.

అమ్మ మూకుడు నాకు వచ్చింది. అందులో గోంగూర పులుసు పెట్టి, దింపి, ఆ మూకుట్లోనే మూతపెట్టి వదిలేయాలి. మర్నాటికి నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నలుపే రక్తం పట్టిస్తుందని అమ్మ అనేది. ఇవాళ్టి నుంచి మా ఆయనకి రెండు పూటలా ఒక గిన్నెడు, అడుగున గీకి మరీ పెడుతున్నాను.

"ఏటే, మల్లీ తెచ్చీసేవా?" అన్నాడు గిన్నె చూసి. ముఖం చిట్లించాడు గాని తాగాడు. నా మాట కాదన్నవాడు కాదు, నా చేతి పులుసు కాదన్నవాడు అసలే కాదు.

ఓడకి 341 రోజులు

అంకె 64.

ఇవాళ కొలిమి పెద్ద జోగినాయుడు పాదం విరిగింది. కుర్చీలోంచి లేచాడు, అంతే. అరవై ఆరేళ్ళ మనిషి, కమిటీలో గొంతు పెద్దది, పులుసు మూడుసార్లు వడ్డించుకుంటాడు. అందరినీ బరువు చొక్కాలు వేసుకుని ఊరిని కప్పిన గుమ్మటం లోపల చుట్టూ నడవమని కమిటీ చెప్పింది. తక్కువ బరువున్న లోకం కాబట్టి ఎముకలు బద్ధకిస్తున్నాయట. సున్నం మాత్రలు కూడా పంచారు. నడుస్తున్నారు, మింగుతున్నారు, విరుగుతున్నాయి.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎనభయ్యో ఏట కూడా ఆ మూకుణ్ణి ఒంటిచేత్తో పొయ్యి దింపేది. ఎనభై మూడో ఏట ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది గాని ఒంట్లో ఒక్క ఎముకా విరగలేదు. ఆవిడ తోటివాళ్ళెవరికీ విరగలేదు. ఆవిడా ఈ తక్కువ బరువు లోకంలోనే తిరిగింది, ఈ పులుసే తింది. బద్ధకం వాళ్ళ ఎముకలకి ఎందుకు పట్టలేదని జోగినాయుణ్ణి అడిగాను. ఆ రోజుల్లో మనుషులే వేరు అన్నాడు. అది జవాబు కాదు.

ఓడకి 290 రోజులు

ఉదయం రాగిజావ. మధ్యాహ్నం ఏదో వండాను. తిన్నవాళ్ళని లెక్కపెట్టలేదు.

అంకె 62.

మా ఆయన ఇవాళ తన పనిముట్ల సంచీ విప్పి, ఒక్కొక్కటీ తుడిచి, నూనె రాసి, ఎవరికి ఏది ఇవ్వాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. నేను సంచీ లాక్కుని గదిలోకి విసిరేశాను. తర్వాత వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. ఏడుపు అయ్యాక చేతులు ఊరుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ వంటింటి పుస్తకాలు దింపి ముందేసుకున్నాను.

అన్నానికి రానివాళ్ళు ఎందుకు రాలేదో పక్కన రాసే అలవాటు నాది. జ్వరం, అలక, పురుడు, ఎముక. ఎముక అని రాసినచోటల్లా గుర్తు పెట్టాను. నలభై మూడు పేర్లు వచ్చాయి. మగవాళ్ళు ముప్ఫై ఒక్కరు. ఆడవాళ్ళు పన్నెండుమంది, పన్నెండుమందీ ముట్టుడిగినవాళ్ళే. నెలనెలా బయట చేరే వయసు పిల్ల ఒక్కతి కూడా లేదు.

ఇంకో సంగతి చూశాను. మొదటి పందొమ్మిదేళ్ళ పుస్తకాల్లో ఎముక అన్న మాట రెండే రెండుసార్లుంది, రెండూ ఎత్తునుంచి పడినవాళ్ళవి. మిగతా నలభై ఒకటీ ఈ పన్నెండేళ్ళలోవే. పన్నెండేళ్ళ కిందట ఏం మారిందని పేజీ పేజీ తిప్పాను. ఇది కనబడింది, నా అక్షరాలే: "ఓడలో రక్తం తయారుచేసే యంత్రం వచ్చింది. ఇక ఎవరూ సూది గుచ్చుకోనక్కర్లేదు. పాయసం చేశాను. ఆఖరి రక్తం రోజు."

రక్తం రోజు. ఎన్నాళ్ళకి తలుచుకున్నాను.

నెలకో రోజు ఉండేది అది. కొలుముల్లో, గొట్టాల మీద ప్రమాదాలెక్కువ, రక్తం పంపేవాళ్ళు లేరు, కాబట్టి ఊరంతా వంతులేసుకుని ఇచ్చేవారు. ఒక్కొక్కరికీ ఏడాదికి నాలుగుసార్లు వంతు. మెస్సు బయట బల్లలు వేసేవారు. ఇచ్చినవాళ్ళకి దుంపబెల్లం పాకంలో పల్లీ ఉండ. పిల్లలం ఉండల కోసం తిరిగేవాళ్ళం, పెద్దయ్యాక వరసలో నిలబడ్డ కుర్రాళ్ళ కోసం తిరిగాం. చొక్కా చేయి పైకి మడిచి, సూది వైపు చూడకుండా పైకప్పు లెక్కపెడుతున్న సన్యాసిరావుని నేను మొదట చూసింది అక్కడే.

ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఇచ్చినవాళ్ళ పేరు, పక్కన ఎవరికి ఎక్కించారో వాళ్ళ పేరు. ఆ రెండో పేరు ఏడాది పొడుగునా ఎవరికీ చెప్పేవారు కాదు. ఏడాది చివర అందరి ముందూ చదివేవారు. ఒక ఏడు అలా చదువుతుంటే, బంగారమ్మ రక్తం, సన్యాసిరావుకి, అని వచ్చింది. గొట్టం పగిలి చెయ్యి నలిగినప్పుడు వాడికి ఎక్కింది మా అమ్మ రక్తమట. వాడు లేచి వచ్చి అమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. మా ఇద్దరి సంగతీ అప్పటికే ఊరందరికీ తెలుసు. జోగినాయుడు నోరూరుకోక, ఇంకేం, ఒకే రక్తం, అన్నాచెల్లెళ్ళయిపోయారు, పెళ్ళెలా కుదురుతుందన్నాడు. అమ్మ కూర్చున్నచోటునుంచి కదలకుండా అంది, "రక్తం నాదైతే అయినాది, బుద్ధి ఆడిదే కదా. పెళ్ళికి అడ్డేటి?"

ఆ నవ్వులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. సూది బాధ పోయిందని పాయసం వండిన నన్ను నేనే తిట్టుకోవాలనిపించింది. ఆ రోజుతో పాటు ఏం పోయిందో నాకప్పుడు తెలీదు.

నెలనెలా రక్తం పోయే పిల్లలకి విరగలేదు. మూణ్ణెల్లకోసారి రక్తం ఇచ్చిన పాతవాళ్ళకి విరగలేదు. పుస్తకాలు చంకన పెట్టుకుని రత్నం దగ్గరికి నడిచాను.

ఓడకి 283 రోజులు

రత్నం నన్ను ఆటపట్టించలేదు, అదే మెచ్చుకోవాలి. ఇన్నాళ్ళూ రక్తం శాతమే చూస్తూ వచ్చింది. ఈసారి ఒంట్లో ఇనుము ఎంత నిలవ ఉందో చూసింది. మా ఆయనకి ఉండాల్సినదానికి తొమ్మిదింతలు. జోగినాయుడికి పదకొండింతలు. రుచి చూడ్డం తప్ప కుదురుగా కూర్చుని తినని నాకు రెండింతలు.

నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "పిన్నీ, ఒంట్లోకి ఇనుము వచ్చే దారుంది గాని బయటికి పంపే దారి లేదు. రక్తం పోతేనే పోతాది. లేదంటే పేరుకుపోతాది. వేళ్ళ కీళ్ళలో చేరితే ఆ వాపు వస్తాది, నీరసమూ దాన్నించే. ఎముక రాయి కాదు పిన్నీ. రోజూ కొంత పడగొట్టీ ముఠా ఉంటాది, కొంత కట్టీ ముఠా ఉంటాది. ఇనుము ఎక్కువైపోతే కట్టేవాళ్ళ చేతులు పడిపోతాయి, పడగొట్టేవాళ్ళకి ఉషారెక్కుతాది."

ఇంతమందికి ఇంత ఇనుము ఎక్కడిదని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది. పుల్లటి ఆకు, ఇనప మూకుడు, మర్నాటిదాకా అందులోనే నిలవ. నల్లని నిగనిగ. పాత రోజుల్లోనూ అదే తిన్నారు, కానీ వచ్చినది వచ్చినట్టు మూణ్ణెల్లకోసారి చేతిలోంచి పోయేది. మేం పోయే దారి మూసేసి, వచ్చే దారి తెరిచే ఉంచాం.

నేనైతే వచ్చే దారి ఇంకా వెడల్పు చేశాను. నూట అయిదు రోజులు, రెండు పూటలా, అడుగున గీకి మరీ పెట్టాను. వాడి ఎముకలు నా గరిటెతో నేనే గుల్ల చేశాను. ఇంటికొచ్చి వాడికి అదే చెప్పాను.

"నువ్వు నా బాగు కోసమే కదే పెట్టినావు," అన్నాడు. "బాగుండీది కూడాను."

ఓడకి 269 రోజులు

మధ్యాహ్నం అన్నం, మట్టికుండలో గోంగూర పులుసు, మూకుట్లో దొండకాయ వేపుడు. తిన్నవాళ్ళు 97. తిననివాళ్ళు 24, అలిగి.

ఇవాళ్టి నుంచి పులుపు ఏదీ మూకుట్లో వండను, ఏదీ అందులో నిలవ ఉంచను. మూకుడు వేపుళ్ళకే. పులుసు పచ్చగా, పత్తెం కూరలా ఉందని మెస్సంతా గోల. నాకూ నచ్చలేదు. ఆ నల్లటి పులుసు వాసనకి నా చిన్నతనమంతా అంటుకుని ఉంది. కుండలో పెట్టి కలుపుతుంటే అమ్మకి ఏదో ద్రోహం చేస్తున్నట్టనిపించింది.

అసలు చిక్కు అది కాదు. తినడం మానేస్తే కొత్త ఇనుము రాదు గాని పాతది పోదు. మూడు వారాలకోసారి రక్తం తీయాలని రత్నం చెప్పింది. నాకేం, సంబరపడ్డాను, మళ్ళీ బల్లలు, పల్లీ ఉండలు. ఎవరూ రాలేదు. తీసిన రక్తం ఎవరికిస్తారని అడిగారు. ఎవరికీ ఇవ్వక్కర్లేదు, యంత్రం చేస్తోంది కదా, పారబోస్తానని ఆ పిల్ల నిజం చెప్పేసింది. జోగినాయుడు కమిటీలో లేచి, రక్తం అంటే ఒక మనిషికి ఎక్కాలి, కాలవలో పోయడానికి మా ఒంట్లోంచి చుక్క కూడా తియ్యనివ్వం అన్నాడట. అందరూ సరేనన్నారట.

అందులో మా ఆయన కూడా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎంత చెప్పినా వినడే. "మీ అమ్మ నాకు పోసింది. ఆవిడ రక్తం నాలో ఉన్నాది. దాన్ని తీసికెల్లి కాలవలో పొయ్యమంటావేటి?" అన్నాడు. నేను పెట్టిన విషం గుక్క తిప్పుకోకుండా తాగినవాడు, ఇప్పుడు బతికించే సూదికి చెయ్యి ఇవ్వనంటాడు.

ఓడకి 248 రోజులు

అంకె 61.

మూడు వారాలు పోయాయి. అడిగి, అరిచి, మాట్లాడ్డం మానేసి చూశాను. ఏదీ పనిచేయలేదు. చివరికి పాత రక్తం రోజు పుస్తకం కోసం గోదామంతా వెతికాను. ఎండిన ఇంకు డబ్బాల కింద దొరికింది. అట్ట మీద ఎవరిదో పాకం వేలిముద్ర ఇంకా అంటుకునే ఉంది.

ఆఖరి పేజీలో ఇంకా ఖాళీ వరసలున్నాయి. తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఇచ్చినవాళ్ళ పేరు, ఎవరికి, అన్న రెండు గళ్ళూ చూపించాను.

"ఎక్కించడానికి మనిషి లేడంటావు కదా," అన్నాను. "నువ్వు ఓడెక్కకండా ఇక్కడే ఉండాలని ఎవరికుందో, ఆ మనిషి పేరు రాయి. ఎవలూ లేరంటే ఖాళీగా ఉంచీ. నానేటీ అనుకోను."

అబద్ధమే, ఖాళీగా ఉంచితే జన్మలో మాట్లాడేదాన్ని కాను. వాడు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. కలం అందుకున్నాడు, వాచిన వేళ్ళతో పట్టు దొరకలేదు, పిడికిలితో పట్టుకున్నాడు. నన్ను అటు తిరగమన్నాడు. పాత పద్ధతి ప్రకారం ఏడాది చివరిదాకా చూడకూడదట. పుస్తకం చంకలో పెట్టుకుని రత్నం దగ్గరికి నడిచాడు. నేను పల్లీలు వేయించడానికి పొయ్యి వెలిగించాను.

ఓడకి 225 రోజులు

పల్లీ ఉండలు 39.

మొదటిసారి ఒక్కడే. రెండోసారికి ముప్ఫై ఎనిమిదిమంది. పేరు రాయొచ్చన్న మాట ఊరంతా పాకింది. జోగినాయుడు కర్ర పొడుచుకుంటూ వచ్చి, చెయ్యి అడ్డుపెట్టుకుని రాసి, సూది గుచ్చుతుంటే పైకప్పు చూశాడు. ఉండలు రెండు అడిగాడు. ఇచ్చాను. నా వంతు రక్తమూ ఇచ్చాను. ఎవరి పేరు రాశానో మా ఆయనకి తెలుసు గాని తెలీనట్టు నటించాడు.

తీసిన రక్తాన్ని పారబోయడం లేదు. ఆరబెట్టి అరటి మొక్కల మట్టిలో కలుపుతున్నారు. ఆ మాట జోగినాయుడే కమిటీలో పట్టుబట్టి ఒప్పించాడు. బల్లల దగ్గర మళ్ళీ పాత గోల మొదలైంది, ఎవరి నరం దొరకలేదు, ఎవరు సూది చూసి కళ్ళు తిరిగి పడ్డారు అని. పాకం వాసనకి కళ్ళు చెమర్చాయి. అమ్మ ఉంటే బాగుండును.

ఓడకి 96 రోజులు

అంకె 60.

ఇంకొక్కటి తగ్గితే చాలు, ఓడెక్కాల్సిందే. ఇనుము నిలవ సగానికి దిగింది, గుప్పిట సగం ముడుస్తున్నాడు, మెట్లెక్కుతున్నాడు. ఎముక మాత్రం ఇంకా తేరుకోలేదు. పడగొట్టేవాళ్ళు నెమ్మదిస్తారు గాని కట్టేవాళ్ళు పనిలోకి రావడానికి చాలా కాలం పడుతుందని రత్నం చెప్పింది. తిరిగి పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, తగ్గకుండా ఆగితే అదే చాలంది. వెనక్కి తెచ్చుకునే దారి లేనివి కొన్ని ఉంటాయని నాకూ తెలుసు. ఇంట్లో ఈ సంగతి ఎవరం ఎత్తడం లేదు. పనిముట్ల సంచీ నేను విసిరేసిన మూలనే ఉంది.

ఓడ రోజు

పొద్దున్నే కొలిచారు. నేను లోపలికి వెళ్ళలేదు, గుమ్మం బయట చింతపండు పిసుకుతూ నిలబడ్డాను. చింతపండు ఎందుకు పట్టుకొచ్చానో నాకే తెలీదు. రత్నం తలుపు తీసి ఒక్క మాటే చెప్పింది, మళ్ళీ అరవై అంది.

అరవై కంటే తగ్గలేదు. ఓడలో ఇద్దరే వెళ్ళారు, మాకు తెలిసేసరికే అంకె యాభైకి దిగిపోయినవాళ్ళు. వాళ్ళకి ఉండలు మూటగట్టి ఇచ్చాను. వాళ్ళ ముందు సంతోషపడలేకపోయాను.

ఏడాది చివరిదాకా ఆగకుండా, ఓడ వెళ్ళాక మెస్సులో పుస్తకం చదివారు, పన్నెండేళ్ళ తర్వాత. రత్నం చదివింది. మనవరాలికి, అని ఒకరు. చెల్లెలికి, అని ఒకరు. జోగినాయుడు మొదటిసారి, నా మోకాళ్ళకి, అని రాసుకున్నాడు, జనం పడీపడీ నవ్వారు. తర్వాతవన్నీ రెండేళ్ళ కిందటి ఓడలో వెళ్ళిపోయిన వాళ్ళావిడ పేరే. అక్కడ నవ్వు ఆగిపోయింది.

తర్వాత సన్యాసిరావు. పన్నెండుసార్లు ఇచ్చాడు. రత్నం పన్నెండుసార్లూ చదివింది, వరహాలుకి, వరహాలుకి, అని, మధ్యలో ఎక్కడా ఆగకుండా. పుస్తకం తెచ్చి నాకు చూపించింది. మొదటి వరసలో అక్షరాలు పిడికిలితో గీసినవి, సగం గడి దాటిపోయాయి. కిందికి వచ్చేకొద్దీ సర్దుకున్నాయి. ఆఖరిది వేళ్ళతో కలం పట్టుకుని రాసింది.

వాడు ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు, తలెత్తలేదు. "పులుసు సప్పగా ఉన్నాది," అన్నాడు.

మధ్యాహ్నం అన్నం, కుండలో గోంగూర పులుసు, పల్లీ ఉండలు. తిన్నవాళ్ళు 118. తినని మనిషి ఒక్కతే, నేను. ఏడుస్తూ తినడం నాకు చేతకాదు.